చెత్తగుట్ట కింద బోరింగు

చెత్తగుట్ట కింద బోరింగు దగ్గర దెయ్యం ఉందని పేటంతా చెప్పుకునేవారు. తెల్లచీర, విరబోసిన జుట్టు... బిందె పెట్టినవాళ్ల మెడ మీద తడి చెయ్యి వేస్తుందట. ట్యాంకరు కోసం కాళ్లు పీక్కుపోయేలా వరసలో నిలబడేవారు గానీ, తళతళలాడే ఆ నీళ్ల జోలికి పోయేవారు కాదు.

వెల్డరు ఒక్కడే నవ్వేవాడు. "నిప్పుతో బతికేవాణ్ణి, నన్నేం చేస్తుంది దెయ్యం?"

రోజూ అర్ధరాత్రి దాటాక షాపు మూసి, బిందె నింపుకుని ఇంటికి పోయేవాడు. భార్య నిండు చూలాలు, పైగా పిరికిది. అందుకని ట్యాంకరు నీళ్లేనని చెప్పేవాడు. ఆవిణ్ణి వరసలో నిలబెట్టకూడదని అతని తాపత్రయం.

ఆ రాత్రి కరెంటు పోయింది. షాపు పెందలాడే కట్టేశాడు.

గుట్ట మీద పాత బ్యాటరీలు పగలగొట్టి పోసిన కుప్పలు. గుట్ట కింద కటిక చీకటి. బిందె పెట్టి హ్యాండిలు నొక్కాడు. కీచు... కీచు...

మెడ మీద తడి చెయ్యి పడింది.

"ముట్టుకోకు..." గుసగుస. "పో..."

అతని పైప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తబోయి జారాడు. పడుతూ పడుతూ ఆ చెయ్యే పట్టుకున్నాడు — అందులో నాడి కొట్టుకుంటోంది! ఫోను లైటు వేశాడు.

"నర్సమ్మా... మీరా?"

పేట ఆసుపత్రి నర్సు. జుట్టు ముడేసుకుంటూ గట్టు మీద కూలబడింది.

"మరేం చెయ్యమంటావురా? ఈ నీళ్లు పరీక్ష చేయించాను. బ్యాటరీల సీసం నేలలోకి దిగి నీళ్లలో కలిసిందన్నారు. బోర్డు పెడితే గుట్ట కాంట్రాక్టరు మనుషులు పీకేశారు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఇంత తేట నీళ్లకి వంకేంటమ్మా అని నవ్వారు. నువ్వూ నవ్వావు!" గుసగుస కాస్తా అరుపైంది. "సీసమంటే వినలేదు, దెయ్యమంటే విన్నారు. ఆ కాంట్రాక్టరు మెడ పట్టుకోలేక మీ మెడలు పట్టుకుంటున్నాను. ఛీ, ఏం బతుకు!"

వెల్డరుకి ఒళ్లు మండింది. కాంట్రాక్టరు ఇంటికి మాత్రం డబ్బా నీళ్లు వస్తాయి. అందరూ చూస్తూనే ఉన్నారు, ఎందుకని ఒక్కడూ అడగలేదు. తనూ అడగలేదు.

"అర్ధరాత్రి దాకా కాపలా కాసి పోతుంటాను," అంది నర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ. "పేటలో ఒక్కరూ ఈ చుక్క తాగట్లేదు. అదే నాకు తృప్తి. నీకేంటివాళ అవసరం, ట్యాంకరు రాలేదా?"

అతను బిందెలోకి తొంగి చూశాడు.

"కాచుకుంటే పోతుంది కదమ్మా... సీసం?"

"కాస్తే పోయేదేంట్రా అది? ఎముకల్లో చేరుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు తాగితే బిడ్డకి కూడా..." ఆమె ఆగిపోయింది. బిందె వైపు చూసింది. "నెలనెలా అడుగుతూనే ఉన్నాను మీ ఆవిణ్ణి. ట్యాంకరు నీళ్లేనంది... ఒరేయ్, ఎన్నాళ్ల నుంచిరా?"

"తనకి నెల తప్పినప్పటి నుంచి," అన్నాడు వెల్డరు.