అడోమా ఎంచుకున్న పవర్ సప్లై

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టారు.

లోపల పొగ. నల్లగా, దట్టంగా.

తలుపుకు మూడడుగుల దూరంలో నేలమీద అఫ్రకోమా బోర్లా పడి ఉంది. ఎనభై ఒక్కేళ్ల మనిషి. ఒంటిమీద ఒక్క బొబ్బ కూడా లేదు. ముక్కు దగ్గర మసి. మంట ఆమెను తాకలేదు. పొగే చంపింది.

గది మూలన బల్లమీద కంప్యూటర్ పెట్టె. వెనకభాగం కరిగి వంగిపోయింది. దాని పైన కర్టెన్ లేదు, కడ్డీ మాత్రమే ఉంది. పక్కన స్పంజి పరుపు సగం బూడిదైంది.

ఫైర్ సర్వీసు వాళ్ల రిపోర్టు క్లుప్తంగా ఉంది. కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బాలో, పవర్ సప్లైలో, మంట మొదలైంది. నాసిరకం విడిభాగం. ఇంట్లో సొంతంగా బిగించుకున్న యంత్రం.

బిగించింది అఫ్రకోమా మనవరాలు అడోమా.

ఇన్‌స్పెక్టర్ ఒఫోరివా మంగళవారం ఉదయం తొమ్మిదింటికి బంటమా పేటలోని ఆ ఇంటికి వెళ్లింది. కుమాసీ నగరంలో ఆమెకు పదహారేళ్ల సర్వీసు. ఇంట్లో చావు జరిగితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో ముందు చూస్తుంది.

వాకిట్లో ఆడవాళ్లంతా ఒకచోట ఉన్నారు. అడోమా ఒక్కతే గేటు బయట, పక్కింటి మెట్టుమీద.

"ఆ పిల్ల బయటెందుకు కూర్చుంది?" అని అడిగింది ఒఫోరివా.

"నేనే కూర్చోమన్నాను, ఇన్‌స్పెక్టరమ్మా" అన్నాడు కుసి. చనిపోయినావిడ పెద్దకొడుకు. అడోమాకి మేనమామ. ఆ ఇంటికి పెద్ద. "శనివారం, అమ్మ పోయిన వారానికి చేసే కూడిక. చుట్టాలందరి ముందు మా అమ్మ ఎలా పోయిందో నేను నోరు తెరిచి చెప్పాలి. మనవరాలి పెట్టె చంపిందని చెప్పాక, ఆ పిల్ల ఈ ఇంట్లో ఎలా ఉంటుంది? అంత్యక్రియల్లో మా పక్కన ఎలా కూర్చుంటుంది?"

"చెప్పడం అయిపోయిందా, ఇంకా లేదా?"

"శనివారం అన్నానుగా."

"అయితే నాకు శనివారం దాకా టైముంది."

ఒఫోరివా వెళ్లి అడోమా పక్కన మెట్టుమీద కూర్చుంది. పిల్లకి ఇరవైమూడేళ్లు. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచాయి. గోళ్ల కింద ఇంకా మసి.

"ఏం పని చేస్తావు?"

"అంత్యక్రియలు వీడియో తీస్తాను మేడమ్. ఎడిట్ చేసి ఇస్తాను."

"కంప్యూటర్ ఎందుకు మార్చావు?"

"పాతది చాలట్లేదు. ఒక్క వీడియో తయారవడానికి రాత్రంతా పట్టేది. కొత్త గ్రాఫిక్స్ కార్డు, మెమరీ, పవర్ సప్లై కొన్నాను. పెట్టె, బోర్డు పాతవే."

"ఎప్పుడు కొన్నావు?"

"శుక్రవారం ఎంచుకుని డబ్బు కట్టాను. శనివారం నాకు షూటింగు. సరుకు ఇంటికొచ్చింది. సాయంత్రం ఆరింటికి కూర్చుని బిగించాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి వీడియో తయారవడానికి పెట్టి, ఇంకొకరి డిస్కు ఇవ్వడానికి వెళ్లాను. అమ్మమ్మ నిద్రపోతోంది. ఫ్యాను ఆ గదిలోనే ఉంది మేడమ్, అందుకే అక్కడ పడుకుంది."



"మొత్తం నువ్వే బిగించావా?"

అడోమా గేటులోంచి లోపలికి చూసింది. లోపల ఆమె తల్లి పోకువా, కొడుకు బఫూర్ పక్కన నిలబడి, ఇటే చూస్తోంది.

"నేనే మేడమ్. మొత్తం."

ఒఫోరివా ఆ చూపు గమనించింది.

వరండాలో కొన్న భాగాల అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. అడోమా పారేయలేదు. పవర్ సప్లై పెట్టెలో, అడుగున, నల్ల గుడ్డసంచి ఒకటి ఉంది. నిండా తీగలు. మూతికట్టు కూడా విప్పలేదు.

"ఇవేంటి?"

"అదనంగా ఇచ్చారు. స్పేర్ అనుకుంటా. వాడలేదు."

"ఎందుకని?"

"అవసరం రాలేదు. పవర్ సప్లైకి దాని తీగలు దానికి ఉన్నాయి కదా మేడమ్."

ఒఫోరివా సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కాలిన పెట్టె దగ్గరికి వెళ్లి కూర్చుంది. పవర్ సప్లై లేబుల్ కాలిపోయింది. ఉక్కు డబ్బా మాత్రం మిగిలింది. డబ్బాకి ఒక చిన్న కన్నం. అందులోంచి ఒకే గుత్తిగా బయటికొచ్చిన తీగల మొదళ్లు, నల్లగా.

ఆమె అక్కడ చాలాసేపు ఉంది.

మధ్యాహ్నం రెండింటికి అడుమ్ బజారు. కంప్యూటర్ విడిభాగాలమ్మే తవియా కొట్టు. లోపల ఒక మనిషి పక్కకి తిరిగితే తప్ప ఇంకో మనిషి పట్టడు.

"పోలీసు స్టేషన్ కంప్యూటర్లు ముందు మ్యూజియంకి ఇచ్చి రండి మేడమ్. కొత్తవి తర్వాత చూద్దాం" అన్నాడు తవియా. ఎందుకొచ్చిందో తెలిశాక నవ్వు పోయింది.

"నా సరుకు కాలదు! పదకొండేళ్ల కొట్టు నాది!"

"అరవకు. ఆ పిల్ల గుర్తుందా?"

"ఎందుకుండదు? మొదటిసారి కంప్యూటర్ విప్పేవాళ్లు వచ్చీరాగానే కార్డు అడుగుతారు. మెరిసే ఫ్యాన్లు అడుగుతారు. పవర్ సప్లై అంటే మాత్రం, అన్నా ఏదో ఒకటి ఇచ్చెయ్ అంటారు. ఈ అమ్మాయి ముందు పవర్ సప్లై అడిగింది. మా ఏరియాలో రోజుకి నాలుగుసార్లు కరెంటు పోతుంది, మంచిది కావాలి అంది. దాని కోసం చిన్న కార్డుతో సరిపెట్టుకుంది."

"పెట్టె విప్పి చూపించావా?"

"సీలున్న సరుకు మేడమ్. మీద రాసిన వాట్లు చూసుకుంది, అంతే."

"సరుకు ఎవరు తీసుకెళ్లారు?"

"శనివారం మధ్యాహ్నం ఎవరో వచ్చారట. నేను భోజనానికి వెళ్లాను. మా ఆవిడ అప్పగించింది."

ఒఫోరివా కౌంటరు మీద మోచెయ్యి ఆనించింది.

"ఇంకొకటి అడుగుతాను. ఈమధ్య ఎవరైనా వచ్చి పవర్ సప్లై వద్దు, దాని తీగలు మాత్రమే కావాలని అడిగారా?"

తవియా ఆమెను వింతగా చూశాడు.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వచ్చారా?"

"శనివారం సాయంత్రం, కొట్టు కట్టేసే ముందు. ఐదున్నర. బైకు మనిషి. హెల్మెట్ తియ్యలేదు. సరిగ్గా ఆ అమ్మాయి కొన్న మోడల్ తీగలే కావాలన్నాడు. విడిగా అమ్మం అన్నాను. వేరే కంపెనీ తీగలు పెడతానన్నాడు. పెడితే తగలడతావు పో అన్నాను. ఇంకో రెండు కొట్లలో కూడా అడిగాడట."

"ఎక్కడికీ వెళ్లకు. శనివారం నీతో పనుంది" అంది ఒఫోరివా.

శనివారం ఉదయం పదిన్నర.

వాకిలంతా ఎరుపు, నలుపు సంతాపపు బట్టలు. టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలు. అడోమా గేటు బయటే నిలబడింది. ఒఫోరివా ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"ఇన్‌స్పెక్టరమ్మా!" కుసి లేచాడు.

"మీరు చెప్పబోయేది కొంచెం ఆపండి. ముందు నేను చెబుతాను."

ఆమె బల్లమీద రెండు వస్తువులు పెట్టింది. కాలిన పవర్ సప్లై. నల్ల గుడ్డసంచి.

"తవియా, అడోమాకి నువ్వమ్మిన పవర్ సప్లై ఇదేనా?"

తవియా వంగి చూశాడు. కాలిన మొదళ్లని వేలితో తట్టాడు. ముఖం మారిపోయింది.

"కాదు మేడమ్! దీనికి తీగలు లోపల అతికి ఉన్నాయి. నేనమ్మినదానికి ఒక్క తీగ కూడా ఉండదు. ప్లగ్గులే ఉంటాయి. తీగలు విడిగా వస్తాయి." సంచి చూపించాడు. "ఇదిగో, ఇందులో!"

అడోమా నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఈ పిల్ల పాత పవర్ సప్లైకి తీగలు అతికే ఉండేవి" అంది ఒఫోరివా. "కొత్తది కూడా అలాగే ఉంటుందనుకుంది. సంచి అదనం అనుకుంది. తను కొన్నది ఇంట్లోకి రానేలేదని ఆమెకి తెలీదు. ఎవరో మార్చేశారు. మార్చినవాడు కవరు కూడా విప్పకుండా కొత్తదాన్ని తీసుకుపోయాడు. తర్వాత విప్పి చూస్తే అన్నీ కన్నాలే. తీగలు ఇక్కడ, అట్టపెట్టె అడుగున ఉండిపోయాయి. వాటి కోసమే బజారంతా తిరిగాడు."

ఆమె వెనక్కి తిరిగింది.

"బఫూర్, శనివారం కొట్టు నుంచి సరుకు తెచ్చింది నువ్వేనని తవియా భార్య గుర్తుపట్టింది. నిన్న నీ గదిలో మంచం కింద దొరికిన పవర్ సప్లై ఎక్కడిది?"

అడోమా అన్న బఫూర్ మూడో వరసలో ఉన్నాడు. ముప్ఫయ్యేళ్లవాడు. నవ్వబోయాడు.

"చెల్లే ఇచ్చింది. నీ పాతది నాకు చాలు అన్నయ్యా, ఇది నువ్వు తీసుకో అంది. అడగండి."

"అబద్ధం!" అంది అడోమా.

"అది చెల్లి ఇచ్చి ఉంటే, తీగలు లేవని తెలియగానే ఏం చేస్తావు?" ఒఫోరివా గొంతు పెంచలేదు. "ఫోన్ చేసి, ఇందులో తీగలేవీ అని అడుగుతావు. శనివారం ఐదున్నరకి సంచి ఈ వరండాలోనే ఉంది. నువ్వు హెల్మెట్ కూడా తియ్యకుండా మూడు కొట్లు తిరిగావు. ఆ ఒక్క మనిషిని మాత్రం అడగలేదు. ఎందుకు?"



టెంటు కింద ఎవరో దగ్గారు. ఎవరో పిల్లాణ్ని గట్టిగా హత్తుకున్నారు.

"నా పాతది, నా కంప్యూటర్లో ఊరికే ఆగిపోయేది" అన్నాడు బఫూర్ చివరికి, తల వంచుకుని. "కాలేది కాదు. చెల్లి కంప్యూటర్లో దానికి చిన్న పనే కదా, తట్టుకుంటుందనుకున్నాను."

అడోమా అతని ముందుకొచ్చి నిలబడింది.

"వాసన వచ్చేదా అన్నయ్యా?"

"ఏంటి?"

"నీ దగ్గరున్నప్పుడు. కాలిన వాసన వచ్చేదా?"



"ఒక్కోసారి."

పోకువా లేచి వచ్చి కూతురి భుజం పట్టుకుంది.

"ఇక చాలే తల్లీ. నీ తప్పు లేదని అందరూ విన్నారుగా. మా అమ్మ ఎలాగూ పోయింది. వాణ్ని కూడా పోగొట్టుకోమంటావా?"

కుసి గొంతు సవరించుకున్నాడు. "ఇది ఇంటి విషయం ఇన్‌స్పెక్టరమ్మా. ప్రమాదం అని చెబుతాను. పిల్ల పేరు ఎత్తను. మా పక్కనే కూర్చుంటుంది. వాడి సంగతి మేం చూసుకుంటాం."

ఒఫోరివా అడోమా వైపు మాత్రమే చూసింది.

"వాడు ఇప్పుడన్నది కోర్టులో కాదంటే చెల్లదు. మంగళవారం నాకిచ్చిన స్టేట్‌మెంట్‌లో మొత్తం నేనే బిగించానన్నావు. అది అలాగే ఉంటే, మార్చింది వాడేనని నేను నిరూపించలేను. ఉంచనా? మార్చనా? నీ ఇష్టం."

"అడోమా" అంది పోకువా. భుజం మీద చెయ్యి బిగిసింది. "వాణ్ని ఇందులోకి లాగొద్దని నీకు ఆరోజే చెప్పాను."

"చెప్పావమ్మా."

అడోమా తల్లి వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసింది. మెల్లగా, నొప్పి పుట్టకుండా.

"మార్చండి మేడమ్. కార్డు నేను బిగించాను. మెమరీ నేను బిగించాను. పవర్ సప్లై మాత్రం నేను షూటింగు నుంచి వచ్చేసరికే లోపల ఉంది. నీకు బరువవుతుందని నేనే పెట్టేశాను అని అన్నయ్య ఫోన్లో అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను." ఊపిరి పీల్చుకుంది. "లేబుల్ ఉన్న వైపు కనిపించకుండా తిప్పి బిగించాడు."

పోకువా చెయ్యి కిందికి జారింది. ఆమె కూతురి వైపు చూడకుండా నడిచి వెళ్లి కొడుకు పక్క కుర్చీలో కూర్చుంది. అతని చేతిని ఒళ్లోకి తీసుకుంది.

కుసి తన పక్కనున్న కుర్చీని అడోమా కోసం ముందుకు జరిపాడు.

ఆమె కూర్చోలేదు. ఒఫోరివా ఎదురుగా నిలబడే, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.