బాయిలర్ పనికి నెరిస్ వచ్చిన రోజు

తలుపు తీసేసరికి ఎదురుగా తడికోటులో, టూల్ బ్యాగుతో నెరిస్. పదకొండేళ్ళ తర్వాత.

"బాయిలర్ కోసం ఫోన్ చేసింది మీరేనా?" అంది.

మీరట! రోండా లోయలో మా ఊరి బ్రాస్ బ్యాండులో ఆరేళ్ళు పక్కపక్కన కూర్చుని బాకాలు ఊదినవాళ్ళం. పోటీలకి వెళ్ళే బస్సులో ఒకే ఫ్లాస్కు టీ పంచుకున్నవాళ్ళం.

"నేనే. లోపలికి రా... రండి," అన్నాను.

వంటింట్లో నా ఘనకార్యం చూసి ఆగిపోయింది. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ పక్కన, ఆ వేడిని అదుపుచేసే కొత్త స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టె, దాన్నుంచి చిందరవందరగా వేలాడే తీగలు.

"ఎవరు బిగించారిది?"

"వీడియో చూసి నేనే."

"బిగించకముందు ఇల్లు వెచ్చగా ఉండేదా?"

"ఉండేది."

నవ్వు ఆపుకుంది. బాయిలర్ స్విచ్ కట్టేసి, ఫ్యూజు తీసి, పెట్టెలో టెస్టర్ పెట్టింది. టెస్టర్ ఎర్రగా వెలిగింది. ఆమె ముఖం పాలిపోయింది.

"గెతిన్! దీనికి కరెంటు ఎక్కణ్ణించి ఇచ్చావు?"

"కెటిల్ ప్లగ్గు దగ్గర్నించి."

"బుద్ధుందా నీకు? బాయిలర్ ఆపేశాం కదా అని నువ్వు దీన్ని ముట్టుకుని ఉంటే?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె గమనించలేదు. నేను గమనించాను.

మెయిన్ ఆపి, మళ్ళీ పరీక్షించి, నా తీగ పీకేసింది. బాయిలర్‌కి వచ్చే కరెంటులోంచే థర్మోస్టాట్‌కీ ఇచ్చింది. "రెంటికీ ఒకే స్విచ్, ఒకే ఫ్యూజు. అది ఆపితే రెండూ ఆగాలి. తెలిసిందా?"

ఆ కసురు వింటుంటే బస్సులో వెనక సీటు గుర్తొచ్చింది. ఆవిరి పట్టిన కిటికీ, నా భుజం మీద నిద్రపోయే నెరిస్.

తలెత్తకుండానే అడిగింది. "ఒక్క మాటైనా చెప్పకుండా బ్యాండు ఎందుకు మానేశావు? ఆ రోజు నువ్వు తప్పు వాయిస్తే నవ్వాననేగా?"

"కాదు. సైకిల్ మీంచి పడి ముందు పన్ను విరిగింది. ఊదలేకపోయాను. ఆ తొర్రి నోటితో నీకు కనపడలేక..."

స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"పన్ను కోసమా? ఏడాదిపాటు నీ ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్నానురా!"

"ఇది కట్టుడు పన్ను," అని చూపించాను.

దగ్గరికొచ్చి చూసింది. కావలసినదానికన్నా కాస్త ఎక్కువసేపే చూసింది. "బాగానే ఉంది," అంది.

మెయిన్ వేసి, గోడమీది థర్మోస్టాట్‌లో అంకె పెంచింది. బాయిలర్ గుర్రుమంది. రేడియేటర్లలో నీళ్ళు కదిలాయి.

"ఊళ్ళో ఇంకా ఇద్దరు ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. నన్నే ఎందుకు పిలిచావు?"

"ఊరికి తిరిగొచ్చాక వ్యాను మీద నీ పేరు చూసి నాలుగు రోజులు ధైర్యం రాక తిరిగాను. ఇది పనిచేయకపోయేసరికి సంతోషమేసింది నెరిస్. నువ్వంటే అప్పుడూ ఇష్టమే. ఇప్పుడూ."

చలికి అంతసేపూ విప్పని తడికోటు విప్పి రేడియేటర్ మీద ఆరేసింది.

"ఇది ఆరేదాకా ఉంటాను," అంది.

అని గోడ దగ్గరికి వెళ్ళి, థర్మోస్టాట్ అంకెను మూడు డిగ్రీలు తగ్గించింది.