దూది మలుపులో ఊపిరి

ఆయన్ని అందరూ ఇంజినీరు అనేవారు. చదివింది ఏ కాలేజీలోనూ కాదు. పాత బస్సొకటి కొని, సీట్లన్నీ పీకేసి, దాన్ని ఇల్లుగా మార్చడం మొదలుపెట్టిన నాడు ఎవరో వెటకారంగా తగిలించిన పేరది. వెటకారమని ఆయనకు తెలియక కాదు. అయినా ఎవర్నీ దిద్దేవాడు కాదు. నలుగురూ నోరారా పిలుస్తుంటే కాదనడం పొగరు అనిపించుకుంటుందని భయం. అంత వినయం మనిషిది.

ఆ వినయమే ఆయన్ని దూది మలుపు దాకా తీసుకెళ్ళింది.

కొండెక్కే దారిలో, రోడ్డు ఒక్కసారిగా కుడికి తిరిగే చోటది. ఎప్పుడో దూది బేళ్ళ లారీ ఒకటి అక్కడ బోల్తా పడిందట. బేళ్ళన్నీ డ్రైవరు మీద పడ్డాయట. ఒంటి మీద చిన్న గీరైనా లేదట... ఊపిరాడక పోయాడట. అప్పట్నుంచీ చీకటి పడ్డాక ఆ మలుపు తిరిగే బండి ముందు మూలుగుతుంది. తర్వాత దగ్గుతుంది. తర్వాత ఆగిపోతుంది. ఆగాక, ఆ నిశ్శబ్దంలో... ఎవరో ఊపిరి తీసుకుంటారు.

బండి దగ్గర్నుంచి లాక్కున్న ఊపిరి.

ఇంజినీరు బస్సు కూడా అక్కడ ఆగింది. ఒకసారైతే పోనీ అనుకోవచ్చు. వెళ్ళినప్పుడల్లా ఆగింది.

ఇంట్లో యుద్ధం మొదలైంది అందుకే. ఆయన బావమరిది పాత బళ్ళు విడగొట్టే షెడ్డులో పని చేస్తాడు. అక్కడికి ఈమధ్య ఒక బస్సు వచ్చింది. వెనకభాగం నుజ్జయింది గానీ ఇంజిన్ మాత్రం కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది.

"నీ డొక్కు ఇంజిన్ తీసేసి అది పెట్టించు బావా. కొండేంటి, గోడైనా ఎక్కుతుంది!"

కాకపోతే ఆ పెళ్ళికొడుకు భారీ మనిషి. వాడు కూర్చోవాలంటే డ్రైవరు సీటు వెనకున్న బీరువా పగలగొట్టాలి.

బీరువా మాట ఎత్తగానే ఇంజినీరు ఒంటికాలి మీద లేచాడు. తన చేతుల్తో చేసిన బీరువా! తలుపుల చుట్టూ రబ్బరు పట్టీ వేసి మరీ బిగించాడు. ఇంటికొచ్చిన ప్రతివాడి చేతా ఆ తలుపు వేయించి, తీయించి, "చూశారా... చీమ సంగతి సరే, గాలైనా దూరదు" అని మెచ్చుకోలు రాబట్టుకున్నాకే మంచినీళ్ళు ఇచ్చేవాడు.

ఆయన భార్యకి మాత్రం ఆ బీరువాని చూస్తే ఒళ్ళుమంట. ఆ చోట ఆవిడ కిటికీ అడిగింది. పొయ్యి దగ్గర గాలాడదని మొదట్లోనే చెప్పింది. ఇంజినీరు శ్రద్ధగా విన్నాడు. తలూపాడు. బీరువా కట్టాడు.

"ఇంజిన్ మారుస్తారో, ఆ దెయ్యాన్నే డ్రైవరుగా పెట్టుకుంటారో నాకనవసరం," అందావిడ. "ఇంకోసారి ఆ మలుపులో ఆగిందా... దిగిపోతాను. మళ్ళీ ఈ బస్సు మెట్టెక్కితే అప్పుడడగండి."

"ఆగదు! మీరిద్దరూ పక్కన కూర్చుని సణుగుతుంటే గేరు తప్పింది గానీ, ఇంజిన్‌కేం? దాని కులాసా నా చెవికి తెలియదూ?"

"అయితే ఈ సాయంత్రమే ఎక్కించు బావా. నోరు మూసుకుని కూర్చుంటాం. ఆగకపోతే పాతదే ఉంచుకో. ఆగిందో... పొద్దున్నే బీరువాకి సమ్మెట!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బయల్దేరారు.

కొండ మొదట్లోనే చీకటి పడింది. చలి మొదలైంది. ఇంజినీరు పళ్ళు బిగించి స్టీరింగు పట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ అన్న మాట ప్రకారం నోరెత్తలేదు. ఆ మౌనం సణుగుడు కంటే ఎక్కువ మండించింది ఆయన్ని.

మలుపు వచ్చింది.

బస్సు కుడికి తిరిగింది... వెనక ఏదో మెత్తగా జారిన చప్పుడు.

"ఊఁ... ఊఁ..." సీటు వెనకనుంచే... మూలుగు.

యాక్సిలరేటర్ అదిమి తొక్కాడు. ఎంత తొక్కితే అంత నీరసపడింది బండి. నల్లటి పొగ. ఒక దగ్గు. ఇంకో దగ్గు.

ఆగిపోయింది.

అప్పుడు, ఆ నిశ్శబ్దంలో — "హా......" అని పొడుగాటి ఊపిరి. ఆ వెంటనే... ధప్.

బయట కాదు. బీరువాలో.

బావమరిది కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. ఆవిడ మాత్రం లేచి సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అరిచాడు ఇంజినీరు. "బయట ఆ చచ్చిన డ్రైవరున్నాడు!"

"ఉండనీండి. పాపం, వాడూ నాలాగే గాలే అడిగాడు. లోపలున్న మనిషి కంటే వాడే నయం." ఆవిడ బీరువా వైపు నడిచింది. "చలిగా ఉంది. నా బొంత తీసుకుని దిగుతాను."

ఇంజినీరుకి కోపం నషాళానికంటింది. తాళం తిప్పాడు. ఇంజిన్ ఇట్టే అందుకుంది. "చూడు! చూడు! ఏమైంది దీనికి?" అంటూ నిలబెట్టిన బండినే రయ్‌మని ఊపిరి సలపనివ్వకుండా తొక్కసాగాడు.

"తలుపు రావట్లేదు," అంది ఆవిడ వెనకనుంచి.

"గట్టిగా లాగు!"

"లాగుతున్నా..." గొంతు తగ్గించింది. "ఒరేయ్ తమ్ముడూ... లోపల్నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నార్రా."

బావమరిది వచ్చి తనూ పట్టుకున్నాడు. తలుపు అంగుళం కదిలింది... మళ్ళీ వెనక్కి లాక్కుపోయింది. "బావా! ఇంజిన్ ఆపు బావా!" అన్నాడు రహస్యం చెబుతున్నట్టు.

"ఆపను! ఆపితే మీరు గెలిచినట్టు!"

ఇంకా తొక్కాడు. ఇంజిన్ మూలిగింది. దగ్గింది. చచ్చింది.

"హా......"

తలుపు ఫటేల్మని తెరుచుకుంది. తెల్లగా, మెత్తగా, బరువుగా ఏదో వచ్చి బావమరిది మొహాన్ని కప్పేసింది.

"అక్కా! పట్టేసుకున్నాడు! ఊపిరా... ఊపిరాడట్లేదే!"

ఆవిడ టార్చి వేసింది.

బొంత. ఆవిడ దూది బొంత.

విదిలించి చూసింది. బొంత మధ్యలో గుండ్రంగా, పళ్ళెమంత నల్లటి మచ్చ. టార్చి బీరువా లోపలికి తిప్పింది. వెనక చెక్కలోంచి లావుపాటి గొట్టమొకటి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏవండీ... ఇదేంటి?"

దెయ్యం కూడా అంత మెల్లగా అడగదు.

"అదా..." ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "ఇంజిన్‌కి గాలందించే గొట్టం."

"దానికి నా బీరువాలో ఏం పని?"

"బయటంతా దుమ్ము కదా... పాపం పాత ఇంజిన్... శుభ్రమైన గాలి పీల్చుకుంటుందని... బయటి కన్నం మూసేసి ఇటు తిప్పాను."

"గాలైనా దూరని బీరువాలోకి."

ఇంజినీరు స్టీరింగు మీద లేని దుమ్ము తుడవసాగాడు.

ఆ తలుపులు ఆయన చెప్పుకున్నంత గొప్పగా కుదరలేదు కాబట్టే బస్సు చదును మీదైనా నడిచింది. కుడివైపు మలుపులో బొంతలన్నీ జారి గొట్టం మూతి మీద పడితే, దానికి తోడు ఎత్తు... ఇక ఆ ముసలి ఇంజిన్ ఎలా పీల్చుకుంటుంది?

"నువ్వు బొంతలు ఇందులో పెడుతున్నావని నాకేం తెలుసు?" ఇంజినీరు ఎదురు తిరిగాడు. 

అంతే. కొండ దద్దరిల్లింది.

"ఎలా తెలుస్తుందండీ? ఒక్కనాడు... మన పెళ్ళయ్యాక ఒక్కనాడు, కప్పుకున్న బొంత మడిచి లోపల పెట్టారా మీరు? పెట్టుంటే తెలిసేది! పొద్దున్నే లేచి ఇంజిన్ చెవిలో కబుర్లు చెబుతారు, కిటికీ కావాలని అరిచిన మనిషి మాత్రం వినపడదు! రంపం తీయండి."

"ఇప్పుడా? ఈ చీకట్లోనా?"

"దిగమంటారా?"

తీశాడు. బావమరిది టార్చి పట్టుకున్నాడు. రబ్బరు పట్టీలు వేసిన తలుపులు ఊడదీసి, వెనక చెక్క కోసి, దాని వెనక రేకు కోసి... కోస్తున్నంతసేపూ ఇంజినీరు సొంత కాలు కోసుకుంటున్నవాడిలా మూలిగాడు. రేకు ఊడిపడగానే చల్లటి గాలి రివ్వున లోపలికొచ్చింది. ఆవిడ ఆ కన్నం దగ్గర మొహం పెట్టి అలాగే నిలబడిపోయింది. భుజాన సంచీ మాత్రం దించలేదు.

గొట్టం బయటికి తిప్పారు. బస్సు ఆ మలుపుని మామూలు రోడ్డనుకుని ఎక్కేసింది.

"అక్కా, మరి కొత్త ఇంజిన్?"

"వద్దురా. ఈ ముసలిదాని తప్పేం లేదు. మార్చాల్సిన పార్టు వేరే ఉంది. మీ షెడ్డులో దొరకదు."

ఆ పార్టు కిక్కురుమనకుండా బండి నడిపింది.

కాస్త దూరం పోయాక బావమరిది నెమ్మదిగా అన్నాడు. "అంతా బాగానే ఉంది గానీ... మిగతా బళ్ళు ఎందుకాగుతున్నాయి? వాటిలో బీరువాల్లేవుగా?"

కింద, ఆ మలుపు దగ్గర, ఏదో లారీ మూలిగింది. దగ్గింది.

ఆగిపోయింది.

ఇప్పుడు ఇంజినీరు ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "గాలెలా వస్తోందో చూశారా, నా ఐడియానే" అంటుంటాడు. ఆవిడ బస్సు దిగలేదు. కోపమూ దిగలేదు. బొంత మడవడం ఆయనకి ఇంకా రాలేదు.