నాలుగు నల్ల గీతల గేమ్

మొయినాబాద్‌లో కూర్చుని లోకంలోని పాత వీడియో గేములన్నిటికీ పేర్లు చెప్పగల నవతకు తన గేమ్ పేరు మాత్రం తెలియదు. దీపం కిందే చీకటి అంటారే, అచ్చం అలాగే.

ఆమె ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. చిన్నప్పుడు ఆడి, సగం మర్చిపోయిన గేములను వెతుక్కునేవాళ్ళంతా అందులో ఉంటారు. "ఒకాయన గొడుగు పట్టుకుని రైలు మీంచి దూకేవాడు, తెరంతా నీలంగా ఉండేది, ఏం గేమండీ?" అని ఎవరో అడుగుతారు. ఆఫీసు కాల్‌కీ కాల్‌కీ మధ్య దొరికిన పది నిమిషాల్లో నవత పేరు చెప్పేస్తుంది. అవతలి మనిషి దండాల మీద దండాలు పెడతాడు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఇదేం పిచ్చే అని తల్లి ప్రమీలమ్మ విసుక్కుంటుంది గానీ, పోయింది దొరికినప్పుడు మనిషికి కలిగే సంతోషం నవతకు తెలుసు. తనకు ఇంకా దొరకలేదు కాబట్టి మరీ తెలుసు.

ఆమె సొంత ప్రశ్న ఆరేళ్ళుగా ఆ గ్రూపులో జవాబు లేకుండా పడి ఉంది.

"తెరంతా పచ్చటి పొలం. మధ్యలో బావి. ఎర్ర గౌను అమ్మాయి మోకు పట్టుకుని బావిలోకి దిగుతుంది. పైన గళ్ళ చొక్కా అబ్బాయి ఆ మోకు పట్టుకుని నిలబడతాడు. వాడు రెండో ప్లేయర్. వాడు వదిలేస్తే గేమ్ ఓవర్. పాట లేదు, కాకుల అరుపులే. తెర మీద ఎప్పుడూ నాలుగు నల్ల గీతలు నిలువుగా ఉండేవి."

అలాంటి గేమే లేదన్నారు అందరూ. గీతలకు మాత్రం తలా ఒక వైద్యం చెప్పకుండా అందరూ ఒకటే చెప్పారు. క్యాసెట్‌లో దుమ్ము పడి ఉంటుంది, బయటికి తీసి గట్టిగా ఊదితే పోతాయి. ఆ రోజుల్లో క్యాసెట్‌కు ఏ రోగమొచ్చినా అదొక్కటే మందు.

నవత పక్షాన ఉన్న సాక్షి ఒక్కడే. అన్న వంశీ. ఆమె కంటే ఎనిమిదేళ్ళు పెద్ద.

"ఉండె చెల్లె, నేనాడిన గద. పసుపు క్యాసెట్. రెండో లెవల్‌ల బాయిలకెల్లి పాములొస్తయి," అనేవాడు. మరుసటి ఏడాది అడిగితే మూడో లెవల్ సంగతీ చెప్పేవాడు. బాపు పోయాక ఆమెకు అన్నే కొండంత అండ. లోకమంతా లేదన్నదాన్ని ఉందన్నవాడు అతనొక్కడే. అలాంటి మనిషి మాటను ఎవరైనా తూకం వేసి చూస్తారా?

గేమ్ తెచ్చింది తమ ఇంట్లో కిరాయికున్న కాకినాడ వాళ్ళ అమ్మాయి. పేరు దీక్షిత, పదేళ్ళది. వాళ్ళ నాన్న సీతారామారావు గారికి ట్రాన్స్‌ఫర్ అయి, ఒక ఎండాకాలం అందరూ వెళ్ళిపోయారని నవతకు చెప్పారు. అప్పుడామెకు ఐదేళ్ళు. ఆ అమ్మాయి ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచీ వాన పడుతూనే ఉంది. ప్రమీలమ్మ ప్రదక్షిణలకని చిల్కూరు వెళ్ళి, వానకు అక్కడే చిక్కుకుంది. వంశీ పనిమీద చేవెళ్ళలో ఉన్నాడు. ఆలూరు పొలంలోని పాత బావిని మర్నాడు పొద్దున్నే పూడ్చాలని అతను పది రోజులుగా తొందరపడుతున్నాడు. జేసీబీ కూడా మాట్లాడేశాడు. నవతకు ఆ పొలం చూసిన గుర్తే లేదు. బాయున్నది, పోవద్దని చిన్నప్పటి నుంచీ అన్నే ఆపేవాడు. తనంటే ఎంత ప్రేమో అనుకునేది.

మూడు గంటలకు పొలం చూసుకునే నర్సింహులు ట్రాలీ ఆటోలో వచ్చాడు. బావి దగ్గరి మోటారు గది సామాను దింపాడు. ఒక గోనెసంచి, గోడలోంచి ఊడబెరికిన ఒక పాత ఇనుప కిటికీ. కిటికీని వరండాలో హాలు తలుపుకు ఎదురుగా గోడకు ఆనించాడు.

"సంచిల ఏమున్నయే నర్సింహులన్నా?"

"ఏముంటయమ్మా. తుప్పు పట్టిన పానాలు, మోటర్ వైర్లు. అన్న సూసినంక పారేస్తడట," అని తల మీద తువ్వాలు కప్పుకుని వెళ్ళిపోయాడు.

అన్న చూసేదాకా ఆగే ఓపిక నవతకు ఎక్కడిది? సంచి బోర్లించింది. పానాలు, వైర్లు, వాటి కింద పాలిథిన్ కవరులో చుట్టిన బూడిదరంగు పెట్టె. రెండు జాయ్‌స్టిక్‌లు. చివర్లో, కవరు బయట, విడిగా ఒక పసుపు క్యాసెట్.

నవత కేక పెట్టినంత పని చేసింది. వెంటనే అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, దొరికింది! గేమ్ దొరికింది!"

అవతల వాన చప్పుడు హోరున వినిపించింది.

"ఏం గేమ్?"

"మన గేమే. పసుపు క్యాసెట్..."

"పసుపు క్యాసెట్ ఎట్లుంటదే?" వంశీ గొంతు మారింది. "ముట్టకు. నేనొస్తున్న. నేనొచ్చేదాంక దాన్ని ముట్టకు."

ఫోన్ పెట్టేశాడు. తనకంటే ముందు ఆడేస్తానని కుళ్ళు అనుకుని నవ్వుకుంది నవత.

క్యాసెట్ చల్లగా ఉంది. అలవాటు చొప్పున నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదింది. దుమ్ము లేవలేదు. నీళ్ళు చిందాయి. పెదాల మీద పాచి వాసన, చాలాకాలం కదలకుండా నిలిచిన నీళ్ళ వాసన. సంచి వానకు తడిసింది కాబోలనుకుంది. కొంగుతో తుడిచి, పెట్టెలో నొక్కి, పసుపు పిన్ను, తెల్ల పిన్ను టీవీకి తగిలించింది.

తెర పచ్చగా వెలిగింది.

పొలం. బావి. ఎర్ర గౌను. గళ్ళ చొక్కా. కాకుల అరుపులు.

నవతకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. తాను పిచ్చిది కాదు, అబద్ధాలకోరు కాదు. ఆరేళ్ళు నవ్విన వాళ్ళందరికీ ఇప్పుడు చూపిస్తుంది. ఫోన్ తీసి తెరను ఫోటో తీసింది. గ్రూపులో పెట్టింది. వానకు సిగ్నల్ సరిగ్గా లేదు. ఫోటో వెళ్తూ వెళ్తూ ఆగి తిరుగుతోంది. ఫోన్ పక్కన పెట్టి, నేల మీద చాప పరుచుకుని కూర్చుంది.

ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే అబ్బాయి మోకు పట్టుకుంటాడు. ఎర్ర గౌను అమ్మాయి దిగుతుంది. మోకు రాతికి రాసుకునే చప్పుడు. కిర్ర్... కిర్ర్... పాత గేముల్లో చప్పుళ్ళు ఇంత బాగా ఉండేవా?

అప్పుడు గమనించింది. తెర మీద నల్ల గీతలు లేవు. ఊదితే పోతాయన్న మాట నిజమేనన్నమాట.

బావి పక్కన చిన్న గది ఉంది. ఆ గదిని ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. గదికి కిటికీ. కిటికీ లోపల ఎవరో ఉన్నారు. నవత మోకాళ్ళ మీద టీవీ దగ్గరికి జరిగింది.

చిన్న పిల్ల. రెండు జడలు. చేతిలో సగం తిన్న మామిడికాయ. ఊచల మధ్య నుంచి బావి వైపు చూస్తోంది.

ఊచలు లెక్కపెట్టింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు.

వరండా వైపు తల తిప్పింది. గోడకు ఆనించిన ఇనుప కిటికీ వానకు తడుస్తోంది. దానికీ నాలుగే.

గీతలు తెర మీదివి కావు. క్యాసెట్‌లో దుమ్మూ కాదు. తను చూసింది ఆ ఊచల వెనక నుంచి. బటన్ మీది వేలు మాత్రం తీయలేకపోయింది.

గేటు చప్పుడైంది. వంశీ తడి చెప్పులతోనే లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. టీవీ వైపు చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత ఒక్క అంగలో వచ్చి పెట్టెలోంచి క్యాసెట్ లాగేశాడు.

గేమ్ ఆగలేదు.

క్యాసెట్ అతని చేతిలో ఉంది. అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. తెర మీద ఎర్ర గౌను అమ్మాయి నడుము లోతు నీళ్ళలో నిలబడి తల ఎత్తింది.

"ఇది... ఇది బాయిలనే పడ్డది చెల్లె," వంశీ గొణిగాడు. "మల్ల దొరకలే. దీనికోసమే దిగింది."

"ఎవరు?"

వంశీ క్యాసెట్‌ను చొక్కాతో తుడవబోయాడు.

"ఎవరన్నా?"

"దీక్షిత."

కొంచెం కొంచెంగా చెప్పాడు. మామిడికాయల కోసం తనూ, దీక్షితా, ఐదేళ్ళ నవతా ఆలూరు వెళ్ళారు. కొత్త క్యాసెట్ చూపిద్దామని దీక్షిత వెంట తెచ్చింది. ఆటపట్టించడానికి తను లాక్కుంటే చెయ్యి జారి బావి లోపలి మెట్టు మీద పడింది. వాళ్ళ నాన్న కొడతాడని ఆ పిల్ల ఏడ్చింది. మోకు నేను పడతా, దిగు అన్నాడు.

"బాపు బండి చప్పుడైంది. బాయికాడ జూస్తే సంపుతడని... వదిలిన. రెండు నిమిషాలే దాక్కుందామనుకున్న. దాక్కున్న..."

"అరిచిందా?"

అతను టీవీ చప్పుడు తగ్గించబోయాడు. చెప్పకపోయినా నవతకు తెలుసు. ఆమె కాకులనుకున్నవి కాకులు కావు.

"మూడో నాడు తేలింది. నిన్ను అమ్మమ్మ ఇంట్ల దించిన్రు. నువ్వు ఊకె అడుగుతుంటివి, అక్క బాయిలకెల్లి ఎప్పుడొస్తదని. అందుకే గేమ్ అని చెప్పిన. గేమ్ ఓవర్ అయింది, అంతే అని..."

"పాములు? మూడో లెవల్?"

"అన్ని నేనే కల్పించిన."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు, ఇరవై నాలుగేళ్ళ నమ్మకం ఒక్క క్షణంలో తేలిపోయింది. ఒక చావును కళ్ళారా చూసిన పసిపిల్ల చేతిలో దాన్నే ఆటబొమ్మగా పెట్టాడు అన్న. ఏటేటా దానికి కొత్త రంగులు వేస్తూ వచ్చాడు. ఆమె సంతోషంగా ఆడుకుంది, ఊరందరికీ చెప్పుకుంది. నవతకు అతని మీద కంటే ముందు తన మీద తనకే అసహ్యం వేసింది.

"వాళ్ళమ్మకు తెల్సా?"

"రాజ్యలక్ష్మి ఆంటీ ఏటా ఆ తారీఖుకు ఫోన్ చేస్తది. నా బిడ్డను ఆఖరికి ఎవరన్నా చూశారా బాబూ అనడుగుతది. ఎవ్వరు చూడలే ఆంటీ అని నేనంట." వంశీ బూడిదరంగు పెట్టె వైపు చూపించాడు. "ఈ పెట్టె గూడ ఆమెనే ఇచ్చిపోయింది, ఆడుకోరా నాయనా అని. సూడలేక మోటర్ గదిల దాసిన."

"నేను చూసిన. నేను చెప్త."

"రేపు బాయి పూడ్తది. అన్ని ఐపోతయి చెల్లె..."

అప్పుడు తెరలో మోకు బిగిసింది. నవత వేలి కింద బటన్ వణికింది. ఎర్ర గౌను అమ్మాయి పైకి ఎక్కుతోంది. ఒక్కో చెయ్యి, ఒక్కో చెయ్యి. గళ్ళ చొక్కా అబ్బాయి తెర మీద లేడు. మోకు రెండో కొస తెర అంచు దాటి ఇటు వచ్చింది.

"వదిలెయ్," వంశీ గుసగుసలాడాడు. "నవతా, బటన్ వదిలెయ్... నీ కాళ్ళు మొక్కుత."

"ఒకసారి వదిలినవ్ గద. సాలు."

ఇంకో నాలుగు మూరలు. మూడు...

కరెంటు పోయింది.

సాయంత్రమే అయినా మబ్బుకు హాలంతా చీకటైంది. తెర ఆరిపోయింది. మోకు చప్పుడు మాత్రం ఆగలేదు. కిర్ర్... కిర్ర్... అది ఇప్పుడు టీవీలోంచి రావడం లేదు.

"అన్నా, చెయ్యియ్యి."

అతని చెయ్యి దొరికింది. చల్లగా, తడిగా ఉంది. ఒక్క క్షణం పట్టుకుంది. అతను విదిలించుకున్నాడు. తడి చెప్పులు టపటపమంటూ తలుపు వైపు పరుగెత్తాయి. గేటు బాదుకుంది. కారు స్టార్టయింది. ఆ చప్పుడు దూరమైపోయింది.

వదిలేసి దాక్కోవడం అతనికి కొత్త కాదు. అయినా నవతకు ఏడుపు ఆగలేదు.

చాప మీద ఫోన్ వెలిగింది. ఫోటో ఎప్పుడు వెళ్ళిందో వెళ్ళింది, గ్రూపులో జవాబులు వచ్చి పడుతున్నాయి.

"మేడమ్, పొరపాటున వేరే ఫోటో పెట్టారు. ఇది గేమ్ కాదు."

"ఎవరిదో హాలులా ఉంది. కిటికీలోంచి తీశారా?"

"చాప మీద కూర్చున్నది మీరేనా? ఆ తెల్ల చొక్కా ఆయన ఎందుకలా పారిపోతున్నాడు?"

నవత ఫోటో తెరిచింది. తన హాలే. వెనక నుంచి తను, చేతిలో జాయ్‌స్టిక్. తలుపు దాటుతున్న అన్న. అందరి మీదుగా నాలుగు నల్ల గీతలు. ఫోటో తీసిన సమయం, వంశీ ఇల్లు చేరడానికి నలభై నిమిషాల ముందు.

ఫోన్ వెలుగు వరండా వైపు తిప్పింది. ఇనుప కిటికీ గోడకు ఆనించినట్టే ఉంది. దాని వెనక మనిషి కాదు కదా, పిల్లి దూరే సందు కూడా లేదు.

"నవతా..." చిన్న గొంతు, కాకినాడ యాస, ఎంతో దగ్గర నుంచి. "నువ్వు చూశావుగా. అమ్మకి చెప్పవూ?"

"చెప్త అక్కా," అంది నవత. అన్న ఫోన్‌లో ఉండే ఆ తల్లి నంబరు తన దగ్గర లేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ పట్టుకోవడానికి జాయ్‌స్టిక్ ఎప్పుడు కింద పెట్టిందో తనకే తెలియదు. వెలుగు దాని మీదికి తిప్పింది. చాప మీద విడిగా పడి ఉంది. దాని మీద ఎవరి చెయ్యీ లేదు.

ఎర్ర బటన్ మాత్రం లోపలికి నొక్కే ఉంది.