నోరెత్తని నాబ్

ఆ మేడమీది గది పేరెత్తితే చాలు, వీధిలోవాళ్లు మాట మార్చేసేవాళ్లు. గిటార్ వాయించే ఇంటాయన అందులోనే, వాయిస్తూ వాయిస్తూ ఒరిగిపోయాడట. మూడేళ్లయింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. కానీ రాత్రిళ్లు లోపల ఏదో సన్నగా మోగుతుందని... ఎదురింటివాళ్లు ఒట్టేసి మరీ చెప్పేవాళ్లు.

సౌండు మెకానిక్ ఒకడు మాత్రం ఆ మాటకి నవ్వేవాడు. జేబులో ఎప్పుడూ టెస్టర్ పెట్టుకుని తిరుగుతాడని అందరూ అతన్ని టెస్టర్ అనే పిలిచేవాళ్లు. పోయినాయనకి ప్రాణస్నేహితుడు. అందుకే ఇంటావిడ అతనికే కబురు పెట్టింది.

"పిల్ల పెద్దదవుతోంది తమ్ముడూ, రేపట్నుంచి ఆ గది దానికిద్దామనుకుంటున్నాను. నాకేమో ధైర్యం చాలడం లేదు. అక్కడేమీ లేదని నువ్వంటే పడుకోబెడతాను."

పొద్దుగూకాక తాళం తీశారు. మూలన గిటార్ యాంప్లిఫయర్... ప్లగ్గు పీకలేదు, స్విచ్చు కూడా వేసే ఉంది.

"ఇలా వదిలేస్తే మోగక ఏం చేస్తుంది వదినా?" అంటూ ఒక నాబ్ తిప్పాడు.

గర్ర్... గరగర...

ఆవిడ తలుపు పట్టుకుంది.

"ఇదే మీ దెయ్యం. రోజూ తిప్పే నాబ్ నోరెత్తదు. ముట్టుకోకుండా వదిలేస్తే లోపల దుమ్మూ చిలుమూ పట్టి ఇలాగే గోల పెడుతుంది."

ప్లగ్గు పీకి, వెనకపలక విప్పి, నాబ్ లోపలికి చిలుము వదిలించే మందు కొట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఇరవైసార్లు తిప్పాడు. మళ్లీ స్విచ్చేస్తే గరగర లేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"ఇంతేనా..." అని ఆవిడ నవ్వింది. "మూడేళ్లు నిద్ర పాడుచేసుకున్నాను."

ఇక మిగిలింది వాల్యూమ్. మందు కొట్టేముందు ఊరికే ఒకసారి తిప్పి చూశాడు.

చప్పుడు లేదు.

మళ్లీ తిప్పాడు... వెన్న రాసినట్టు తిరిగింది. వేలికి దుమ్ము కూడా అంటలేదు. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొదటిసారి అతనికి భయమేసింది.

"వదినా... ఈ గదిలోకి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు. తాళంచెవి నా తలగడ కిందే ఉంటుంది."

గుమ్మంలో చిన్న గొంతు వినపడింది. కూతురు, తల వంచుకుని నిలబడి ఉంది.

"నేనొస్తాను బాబాయ్... అమ్మ నిద్రపోయాక."

టెస్టర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఓసి పిడుగా, రోజూ దీన్ని తిప్పేది నువ్వా?"

తల్లి తిట్టబోయి, కళ్లనీళ్లు పెట్టుకుని పిల్లని దగ్గరికి తీసుకుంది.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నేను ముట్టుకోను బాబాయ్. ఇక్కడే నేలమీద కూర్చుని వింటానంతే... సరిగ్గా వినపడట్లేదంటే, నాన్నే పెంచుతాడు."