కాలక్షేపానికి

ఆ వీధిలో అందరికీ ఆమె బ్యూటీ అక్క. ఇంటి ముందుగదే పార్లర్. గోడ నిండా అద్దం, మీట నొక్కితే పైకీ కిందికీ కదిలే ఒకే ఒక్క కుర్చీ. కరోనా వచ్చి గదికి తాళం పడి ఏడు నెలలైంది. తెరుచుకోవచ్చని ప్రభుత్వం చెప్పాక కూడా ఎవరూ గడప తొక్కలేదు. కనుబొమలు తీర్చాలంటే దారం కొస పళ్ళతో పట్టుకోవాలి, మూతికేమో మాస్కు ఉండాలి. రెండూ ఒకేసారి కుదిరే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అయినా ఆమె రోజూ పొద్దున్నే కుర్చీ తుడుస్తుంది. ఆ రోజు కూడా తుడుస్తుండగానే ఉత్తరం వచ్చింది. చిన్న పార్లర్లకు ప్రభుత్వం ఇస్తున్న సహాయ రుణం కోసం పెట్టుకున్న దరఖాస్తుకు జవాబది. రుణం వస్తే కొత్త సరుకు తెచ్చుకుని, మనిషికో తువ్వాలు పెట్టి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. రాకపోతే పాత సామాన్లు కొనే అతను సాయంత్రం వచ్చి కుర్చీ పట్టుకుపోతాడు. బేరం కూడా అయిపోయింది.

ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి. తనిఖీలో ఈ చిరునామాలో వ్యాపారం కనిపించలేదు. దరఖాస్తుదారు గృహిణి అనీ, కాలక్షేపానికి మాత్రమే ఈ పని చేస్తారనీ కుటుంబసభ్యులు తెలిపారు. దరఖాస్తు తిరస్కరించడమైనది. అభ్యంతరాలుంటే వారంలోగా తెలపాలి.

కాలక్షేపానికి. ఆ మాట దగ్గరే ఆమె కళ్ళు ఆగిపోయాయి. తనిఖీకి వచ్చిన రోజు ఆమె అత్తగారి మాత్రల కోసం మందుల షాపుకు వెళ్ళింది. ఇంట్లో ఉన్నది అత్తగారూ, భర్తా. ఎవరన్నారో ఆలోచించాల్సిన పనే లేదనుకుంది. పదకొండేళ్ళుగా ఆ గదిని 'వెంట్రుకల గది' అని ఈసడించే మనిషి ఇంట్లో ఒక్కరే.

నేరుగా వంటింట్లోకి వెళ్ళి మనసులో ఉన్నదంతా కక్కేసింది. వెల్లుల్లి ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండా వింది. ఒకటంటే పది అనే మనిషి అలా వినడమే వింతగా ఉంది.

"అనాల్సినవన్నీ అన్నావా అమ్మాయ్?" అంది చివరికి. "నాకా గది నచ్చదు, నిజమే. కానీ రెండు పూటలా నేను మింగే మాత్రలు ఆ గదిలో నువ్వు సంపాదించి దాచినదాంతోనే వస్తున్నాయి. ఆ నోటితో అలా చెప్తానా?"

"మరి ఎవరు చెప్పారు అత్తయ్యా?"

అత్తగారు కోడలి వెనక ఉన్న గుమ్మం వైపు చూసింది.

గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఆయన కంపెనీ మూతపడి నాలుగు నెలలైంది. అయినా రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. చుట్టాలకు ఇంటి నుంచే పని అని చెప్పాడు.

"మీరా?" అంది.

"ఇల్లు దీనిమీదే గడుస్తోందా అని తనిఖీకొచ్చిన అధికారి అడిగాడు. అవునని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. నా జీతంతోనే గడుస్తోందని చెప్పేశాను."

"కాలక్షేపమనే మాట?"

"నాదే."

అత్తగారే అనుంటే కోపమొచ్చేది, ఓ పూట అరిచి ఊరుకునేది. ఇది కోపం కాదు. పార్లర్ తెరిచిన రోజు బోర్డు మీద అక్షరాలు రాసింది ఈ మనిషే. మొన్నటిదాకా నెలకోసారి ఆ కుర్చీలోనే కూర్చుని ఆమె చేత క్రాఫు చేయించుకున్నదీ ఈ మనిషే. ఇంత నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పదకొండేళ్ళు నిలబడీ నిలబడీ నా కాళ్ళలో నరాలు ఉబ్బిపోయాయి," అంది మెల్లగా. "వాటికి నూనె రాసింది మీరే కదండీ. కాలక్షేపానికి వచ్చిన నొప్పనుకునే రాశారా?"

ఆమె ముందుగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడమే తప్ప ఆ కుర్చీలో తానెప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుని, అద్దంలోకి చూడలేక ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. బయట వీధి తలుపు తెరిచి మూసిన చప్పుడైంది.

ఆయన తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదైంది. తలుపు తట్టి, లోపలికి రాకుండా ఒక కాగితం అందించాడు. అభ్యంతర పత్రం నకలు, ఆఫీసు ముద్రతో సహా ఉంది.

"అదే అధికారి. వరుసలో ఉన్నవాళ్ళందరూ వింటుండగా మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు," అన్నాడు. "ఈసారి అవునని చెప్పాను. ఇంకోసారి చూడ్డానికి వస్తారట. ఇస్తారో లేదో మాత్రం తెలియదు."

ఆమె కాగితం చదివింది. వ్యాపారం మీద ఆధారపడి బతుకుతున్నవారు అన్న గడిలో మొదట ఆయన తన పేరే రాసుకున్నాడు. పక్కనే సంబంధం, భర్త. ఉద్యోగం, లేదు. దాని కింద వాళ్ళమ్మ పేరు. బోర్డు రాసిన ఆ గుండ్రటి చేతిరాత 'లేదు' దగ్గర వంకర పోయింది. ఆమెకు మళ్ళీ కన్నీళ్ళొచ్చాయి. పొద్దుటివీ ఇవీ ఒకటి కావు, కానీ పొద్దుటివి పూర్తిగా ఆరనూ లేదు.

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. కుర్చీ కోసం వచ్చిన అతను. ఆమె లేచేలోపే అత్తగారు గుమ్మంలోకి వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"మా కోడలి దుకాణంలో సామాన్లు అమ్మం బాబూ," అంది.

దుకాణం. అత్తగారి నోట ఆ మాట ఆమె మొదటిసారి వింది. ఆటో వెళ్ళిపోయాక భర్త వైపు తిరిగింది.

"మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు నేను ఇంట్లో ఉన్నా సరే, తలుపు మీరే తీయాలి. ఎవరి దుకాణమో మీరే చెప్పాలి."

తీస్తానన్నాడు, చెప్తానన్నాడు. ఆమె గుడ్డ తీసి కుర్చీని మళ్ళీ తుడవసాగింది.