పడుగు వదులు చేసిన చెయ్యి

"నా కొడుకు చేతులిరగ్గొట్టిన్రు మేడం. ఒప్పుకున్నడని రాసుకున్నరు. రేపు కోర్టుకు తోల్కపోతరట."

జడ్చర్ల బస్టాండు ఎదుట, మందుల దుకాణం పైనున్న డిటెక్టివ్ కౌసల్య ఆఫీసులో నర్సింగమ్మ కుర్చీ ఉన్నా నేలమీదే కూలబడింది. ఆమె కొడుకు వెంకటేశ్ నారాయణపేటలో ఆటో నడుపుతాడు. అతను కిరాయికుండే ఇంటి యజమాని, చీరలు నేసే వెంకటనర్సు, మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల పగిలి చచ్చాడు. ముందురోజు ఆటో వాకిలికి అడ్డం పెట్టాడని ఇద్దరూ అరుచుకున్నారు. ఎస్సై బాలకృష్ణకు అంతే చాలింది.

"ప్రమోద్, కారు తియ్యి," అంది కౌసల్య.

ఆమె అసిస్టెంటు ప్రమోద్ అప్పటికే తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నారాయణపేటలో బాలకృష్ణ మగ్గం గది తాళం తీస్తూ నవ్వాడు. "జడ్చర్ల సీబీఐ ఒచ్చింది! చూస్కోన్రి మేడం, మా కేసు అయిపోయింది."

చనిపోయినవాడి భార్య రాజమణి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు కూడా అంతవరకే వచ్చానంది. "నీళ్లు వట్కొచ్చి చూస్తె గుంటల్నే గుమ్మం దిక్కు తల వాలేసిండు. మొత్తుకుంట బయటికురికిన. లోపల అడుగు పెట్టలే."

గుంట మీద సగం నేసిన చీర ఉంది. దానిపై తుండుగుడ్డ కప్పి ఉంది. కౌసల్య గుడ్డను ఎత్తింది. కింద చీరంతా ఎండిన నెత్తుటి చుక్కలు. గుడ్డ మాత్రం శుభ్రంగా ఉంది. పడుగును, అంటే నిలువు పోగులను, బిగించి పట్టే తాడు విప్పి ఉంది. పోగులు వేలాడుతున్నాయి. తాడు కొసన నెత్తుటి మరక.

"ఎస్సైగారూ, గీ తాడు ఎవలు విప్పిన్రు?"

"ఏ తాడు? మాది వ్యవసాయం మేడం, మగ్గం సంగతులు నాకేం ఎరుక? మేం దేన్నీ ముట్టలే."

"వెంకటేశ్‌కు మగ్గం పనొస్తదా, రాజమణీ?"

"గాడా? పడుగేదో పేకేదో ఎరుకలే. ఈ అర్రల కాలే పెట్టడు."

వంటింట్లో రాజమణి గొంతు తగ్గించింది. చేనేత షెడ్డుకిచ్చిన సర్కారు జాగాను కౌన్సిలర్ దయాకర్ తన బామ్మర్ది పేర మార్పించుకున్నాడు. "మా కులపోడే అక్కా, మా ఆయనతోనే మగ్గం నేర్చిండు. మా ఆయన పోయి ఎస్సైకి ఒక్కనికే జెప్పొచ్చిండు. నాకు దప్ప ఇంకెవలికీ తెల్వదు. తెల్లారి సచ్చిపోయిండు."

సాయంత్రానికి కౌసల్య అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టింది. కౌసల్య పంపిన తాడు ఫొటో చూసి డీఎస్పీ స్వయంగా వచ్చాడు. పరామర్శకని పిలిస్తే దయాకర్ తెల్లచొక్కాలో వచ్చాడు. కౌసల్య కార్లోనే వచ్చిన నర్సింగమ్మ గోడవారన నిలబడింది.

"నేసేటప్పుడు పడుగు బిగువుంటది," అంది కౌసల్య. "మగ్గం దిగంగనే తాడు విప్పి, పని మీద గుడ్డ కప్పుతరు. వెంకటనర్సు దిగలే. దెబ్బ తిని గుంటల్నే సచ్చిండు. నెత్తురు గుడ్డ కింద ఉంది, పైన లేదు. అంటే సంపినోడే తాడు విప్పిండు, గుడ్డ కప్పిండు. పక్కన పీనుగుంటె కూడా చేతులు అలవాటు మానలే. గది పోలీసుల తాళంలనే ఉంది. వెంకటేశ్‌కు గా అలవాటు లేదు."

"ఈ వాడంత సాలోళ్లే కదా, మగ్గం పని అందరికొస్తది," అన్నాడు దయాకర్.

"నిజమే. కానీ వెంకటనర్సు నోరు మూపియ్యాలని ఎవలికుంటది? ఆయన ఫిర్యాదు చేసిండని తెల్సినోళ్లకు. అది స్టేషన్ల ఒక్కలకే తెల్సు. బాలకృష్ణగారూ, మీరు సంపలే. మీకు తాడంటెనే తెల్వది. మరి ఎవలికి జెప్పిన్రు?"

బాలకృష్ణ డీఎస్పీ వైపు చూశాడు. డీఎస్పీ అతనికి ఫోను చూపించాడు. "నీ కాల్స్ తెప్పిస్త. నువ్వే జెప్పు."

"దయాకరన్నకు... జర జాగర్తగుండుమని జెప్పిన సార్. సంపుమన్లే."

దయాకర్ లేచి అతని కాలరు పట్టుకున్నాడు. "ఆటోపిల్లగాణ్ని పట్టుకుందాం, వానికెవ్వలు లేరని నువ్వన్లేదా రా లుచ్చా? పోస్టింగ్ ఇప్పిచ్చిందెవడు నీకు?"

ప్రమోద్ కౌసల్య ముఖం చూశాడు. ఆమె ముఖంలో గెలుపు లేదు.

కానిస్టేబుళ్లు దయాకర్ చేతులకు బేడీలు వేశారు. అంతలో డీఎస్పీ ఫోను మోగింది. బయటికి వెళ్లి "సరే సార్, సరే సార్" అని మాట్లాడి, తిరిగొచ్చి ఎవరి కళ్లలోకీ చూడకుండా అన్నాడు: "వెంకటేశ్‌ను విడిపిస్తం. బాలకృష్ణ మీద శాఖాపరమైన ఇంక్వైరీ ఉంటది."

నర్సింగమ్మ గోడ దగ్గర నుంచి కదిలింది. "నా కొడుకును గుంజకపోయిననాడు ఇంక్వైరీ చేసిన్రా సారూ?"

బాలకృష్ణ టోపీ సర్దుకుని బయటికి నడిచాడు. దయాకర్‌ను వెనక ఎక్కించాక, ఎప్పటిలాగే జీపు ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రైవర్ సెల్యూట్ కొట్టి బండి తీశాడు.